గుట్ట మీది రేడియోకు నేనిచ్చిన ఆజ్ఞలు

తాగునీటి పథకం కంట్రోల్ రూములో కొత్తగా చేరిన ఇద్దరు ఈ మధ్య మా ఇంటికి వచ్చి, వైర్‌లెస్ పని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాలుగు మాటలతో తేలేది కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. నేను ఏ ఏడు ఏ మెట్టు ఎక్కానో ఇందులో ఉండదు. ఎక్కిన మెట్లు తక్కువ, అవి కూడా ఎవరో ఒకరు రిటైరై ఖాళీ చేసినవే. ఫైళ్ల సంగతీ ఉండదు. అవి మీకు ఎలాగూ తప్పవు. కంప్యూటర్లో అక్షరాలు కొట్టి, గుట్ట మీది రేడియోతో పని చేయించడం ఎలాంటి ఉద్యోగమో మాత్రం చెబుతాను.

మా ఇంటి సంగతి, అవసరమైనంత

మాది పాలెగాళ్ల వంశం. ఇప్పుడు మిగిలింది ఒక్క బురుజు. ఒకప్పుడు అందులో మందుగుండు దాచేవాళ్లు. ఇప్పుడు పక్కింటివాళ్లు గొర్రెలు తోలుతున్నారు. మమ్మల్ని అడిగే తోలుతున్నారు, ఆ మర్యాద వాళ్లు తప్పలేదు.

మా తాత కాలం దాకా ఊరి చెరువు మా చేతిలో ఉండేది. తూము తీయమని ఆయన నోటితో చెప్పేవాడు కాడు. వెండి పొన్ను తొడిగిన కర్ర ఒకటి మనిషి చేతికిచ్చి పంపేవాడు. కర్ర కనపడగానే నీరుగంటి తూము తీసేవాడు. చెరువు నీళ్లు మడులకు వదిలే మనిషిని మా వైపు నీరుగంటి అంటారు. తీయడం దొర ఇష్టం. మూయడం మాత్రం కట్టుబాటు: కొస మడి తడవనిదే తూము మూయరాదు. దొర మనసు మారినా సరే, కర్ర మళ్లీ వచ్చినా సరే.

వెండి పొన్ను మా నాయన కాలంలో పోయింది. మిగిలిన కర్రను మా అమ్మ దండెం కట్టింది. చెరువు ఎండిపోయింది. నాకు ఆస్తిగా వచ్చింది నడుము ఒక్కటే. మా ఇంట్లో ఎవరి నడుమూ వంగదు. అనంతపురంలో డాక్టరు చూసి ఎముకల జబ్బు పేరేదో చెప్పాడు. మా నాయన ఒప్పుకోలేదు. "అది రోగం కాదురా, వంశం" అన్నాడు.

నా పేరు రంగప్ప నాయనింగారు. ఆఫీసు రిజిస్టరుకు ఎక్కేటప్పుడు 'నాయనింగారు' రాలిపోయి రంగప్ప మిగిలాడు. పల్లెల్లో మాత్రం దొరా అని పిలిచేవాళ్లు. వద్దని నేనెప్పుడూ చెప్పలేదు.

పెట్టె వేసిన ప్రశ్న

మా పథకం నీళ్లు బత్తలపల్లె వైపు నుంచి ముదిగుబ్బ వైపు పల్లెలకు పైపులో పోయేవి. మధ్యలో పంపు ఇళ్లు, వాల్వులు, ఊరూరికీ ట్యాంకులు. ప్రతిచోటా ఒక మనిషి, మనిషికొక వైర్‌లెస్ సెట్టు. అందరి మాటలనూ అందుకుని అందరికీ పంచే పెద్ద సెట్టు మా ఆఫీసు వెనక గుట్ట మీద చిన్న గదిలో ఉండేది. ఆ గుట్ట ఒకప్పుడు మా పాలెంలోదే. అప్పుడు దాని మీద నగారా మోగేదట.

మొదట్లో మైకు మీట నొక్కి మాట్లాడేవాళ్లం, వదిలితే ఆగేది. కొత్త వెయ్యేళ్లు రాబోతున్నాయని అందరూ హడావిడి పడుతున్న రోజుల్లో పెద్దసారు వచ్చాడు. కోస్తా మనిషి, ఇంజనీరు, కంప్యూటరంటే ప్రాణం. గుట్ట మీది పాత సెట్టు పీకించి కొత్తది పెట్టించాడు. దానికి మీటలు లేవు. గుట్ట కింద కంప్యూటరు, గుట్ట పైన రేడియో, మధ్యలో బండల మీదుగా ఒక తీగ. కంప్యూటర్లో మాట కొడితే అది తీగ మీదుగా పైకి పోతుంది. 'టీఎక్స్ ఒకటి' అని కొడితే రేడియో ప్రసారం మొదలుపెడుతుంది. 'టీఎక్స్ సున్నా' అంటే ఆపుతుంది. చానల్ మార్చడానికో మాట, శబ్దం తగ్గించడానికో మాట. చెప్పింది చేస్తే తెర మీద 'ఓకే' అని జవాబు పంపుతుంది. అర్థం కాకపోతే ఒక్క ప్రశ్నార్థకం: '?'.

మొదటి రోజంతా నాకు వచ్చింది ఆ ప్రశ్నార్థకమే. మాటకూ అంకెకూ మధ్య ఖాళీ వదలకపోతే ప్రశ్న, రెండు ఖాళీలు వదిలినా ప్రశ్న. మా తాత ఆజ్ఞకు ఎదురుమాట చెప్పినవాడు చుట్టుపక్కల లేడు. ఆయన మనవణ్ణి పట్టుకుని అట్టపెట్టెంత వస్తువు 'ఏమంటివి?' అని పొద్దుగూకులూ అడిగింది. సాయంత్రానికి నాకు కోపం తగ్గి గౌరవం పుట్టింది. ఎందుకో చెబుతాను, ఇది మీకు పనికొస్తుంది.

నా ఉద్యోగంలో చాలామంది అధికారులను చూశాను. చెప్పింది అర్థం కాలేదని ఒప్పుకున్నవాడు వాళ్లలో ఒక్కడూ లేడు. అందరూ తలూపినవాళ్లే. తలూపి, తమకు తోచింది చేసినవాళ్లే. అర్థం కాలేదని ముఖాన చెప్పేసి, ఏమీ చెయ్యకుండా నిలబడే నౌకరు దొరకడం అదృష్టం. ప్రశ్నార్థకాన్ని చూసి విసుక్కోకండి. మీరు భయపడాల్సింది ఓకే రాక, ప్రశ్నా రాక, తెర ఊరికే ఉన్నప్పుడు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

బువ్వ తింటివా

కొత్త సెట్టులో ఒక కాపలా ఉండేది. ఎవరైనా ఆపకుండా మాట్లాడుతుంటే సెట్టు వేడెక్కి కాలిపోతుందని, కాసేపటికి దానంతటదే మాట తెంచేది. కాసేపు అంటే ఒక నిమిషమో ఏమో. విదేశంలో ఎవరో సదుద్దేశంతోనే పెట్టి ఉంటారు. వాళ్లకు మా జిల్లా తెలియదు.

మా వైపు ఎదురుపడిన మనిషిని పలకరించకుండా సంగతిలోకి దిగడం బూతు మాట్లాడినంత పని. వైర్‌లెస్‌లోనూ అంతే. పైపు రెండుగా చీలే చోట వాల్వు దగ్గర ఓబులేసు ఉండేవాడు. వాళ్ల తాత మా తాతకు నీరుగంటి. ఓబులేసు సెట్టు అందుకుంటే ఇలా సాగేది.

"ఏమన్నా, బాగుండావా? బువ్వ తింటివా? వదినకు మోకాలు నొప్పంటివి, ఎట్లుండాది ఇప్పుడు? మీ ఎర్రావు ఈనిందా? పెయ్యా, కోడెనా? మా దిక్కు మోడం పట్టె గానీ చినుకు రాల్లేదబ్బా. ఇంగ అసలు సంగతేమంటే..."

అక్కడ తెగేది. ప్రతిసారీ అక్కడే తెగేది. తెగిన మాటను అందుకుని ముందుకు పోదామని ఎవరికీ తోచలేదు. మళ్లీ కలిశారు గనక మళ్లీ పలకరింపుతోనే మొదలు. ఆ వారం ఎవరి ఆవు ఏ దూడను వేసిందో ఆఫీసుకు క్షుణ్ణంగా తెలిసింది. ఏ ట్యాంకులో నీళ్లున్నాయో మాత్రం తెలియలేదు.

పెద్దసారు సర్క్యులర్ తీశాడు: వైర్‌లెస్‌లో కుశలప్రశ్నలు నిషేధం. మడకశిర నుంచి వచ్చిన బసప్ప ఒక పంపు ఇల్లు చూసేవాడు. అతను దాన్ని శ్రద్ధగా చదివి, ఈ నిషేధం తెలుగుకేనా, కన్నడకు కూడానా అని అడిగించాడు. జవాబు వచ్చేలోగా "ఊట ఆయ్తా?" అని కన్నడంలో అందరి బువ్వ సంగతీ అడుగుతూ తన పని తాను చేసుకుపోయాడు.

సర్క్యులర్‌ను అక్షరాలా పాటించింది ఓబులేసు ఒక్కడే. ఒక పొద్దున సెట్టు తీసి "పైపు పగిలింది, పంపు ఆపండి" అని చెప్పి ఊరుకున్నాడు. బసప్ప పంపు ఆపలేదు. నీళ్లు వంకల వెంట పోయాయి, దారిన పోయే గొర్రెలన్నీ ఈతలాడాయి. ఎందుకు ఆపలేదని అడిగితే బసప్ప నిజంగానే నొచ్చుకున్నాడు. "అది ఓబులేసెట్లయితాడు సార్? నన్ను ఒక మాటన్నా పలకరీలేదు. ఎవుడో దొంగనాకొడుకు సెట్టు ఎత్తకపోయి మాట్లాడతాండాడనుకుంటి" అన్నాడు.

పెద్దసారు తల పట్టుకుని, ఆ కాపలా తీసేసే ఆజ్ఞ ఉందా అని నన్నడిగాడు. ఉంది. కానీ తీస్తే ఒక చిక్కుందని చెప్పాను. ఆపమనే ఆజ్ఞ పైకి అందకపోతే పెట్టె ప్రసారం చేస్తూనే ఉంటుంది. ఆఫీసు మాట్లాడుతున్నంతసేపు అది ఇంకెవరి మాటా తీసుకోదు గనక జిల్లాలో మన సెట్లన్నీ మూగబోతాయి.

"అందకపోవడమేమిటయ్యా, తీగ ఉందిగా?" అన్నాడు పెద్దసారు.

ఆ మాట ఆయనదే. ఆజ్ఞ కొట్టింది నేను. పెట్టె ఓకే అంది.

నా సంగతి కూడా చెప్పాలి. నన్ను గాలిలో ఎవరు "బువ్వ తింటివా దొరా" అని అడిగినా నేను జవాబు చెప్పేవాణ్ణి కాను. "సంగతి చెప్పు" అనేవాణ్ణి. అది సర్క్యులర్ కోసం కాదు. మా ఇంట్లో తిన్నది బయట చెప్పుకోరు. కలిగిన రోజుల్లో గొప్పలనుకుంటారని చెప్పలేదు. కలగని రోజుల్లో చెప్పడానికేమీ లేక చెప్పలేదు. అలవాటు మాత్రం ఒకటే.

కొసపల్లె

పైపు చిట్టచివర ఒక ఊరుండేది. దాని అసలు పేరు వేరే, ఆఫీసులో అందరం కొసపల్లె అనేవాళ్లం. వేసవిలో అందరి ట్యాంకులూ నిండాక మిగిలింది వాళ్లకు. మిగిలేది కాదు. ఆ ఊరి ట్యాంకు చూసే పని లక్ష్మీదేవమ్మది. మొగుడు ఆ పనిలో ఉండగానే పోతే ఆమెను పెట్టారు. మాటకారి. వైర్‌లెస్ రాకముందు ట్యాంకు నిండితే పైన తెల్లగుడ్డ ఎగరేసేవాళ్లు, గుట్ట మీది నుంచి కనపడేది. సెట్టు వచ్చాక కూడా ఆమె ఆ అలవాటు మానలేదు. సెట్టును ఎంత నమ్మాలో ఆమెకు తెలుసు.

నేను చెప్పబోయే ఏడు వానలు మరీ వెనక్కి పోయాయి. శనక్కాయ విత్తనం ఇళ్లల్లోనే ఉండిపోయింది. కొసపల్లెలో దేవర దగ్గరపడింది. దేవరంటే ఊరమ్మ పండగ, చుట్టాలంతా దిగుతారు, ఒక్కో ఇంట్లో పదిమందికి వండాలి. నీళ్లు లేవు. ఊరివాళ్ల కోపం పైపు మొదలు దాకా పోలేదు, లక్ష్మీదేవమ్మ దగ్గరే ఆగింది. దేవర పొద్దుకు ట్యాంకు నిండకపోతే సెట్టు, తాళాలు అప్పజెప్పి పని వదిలేయాలని పంచాయతీలో తేల్చేశారు. ఆ పనికి ఇంకొకడు కాచుకుని ఉన్నాడు కూడా.

ఆమె సెట్టులో నన్ను పిలిచింది. బువ్వ సంగతి అడిగింది, నేను సంగతి చెప్పమన్నాను.

"సంగతేముండాది దొరా. మంగళారం దేవర. నీళ్లు రాకుంటే ఈ సెట్టు నేనే నెత్తిన పెట్టుకోనొచ్చి నీ బల్ల మీద పెడతా. ఆ తర్వాత నాకు బువ్వ యాడిదని మాత్రం అడగాకు, సర్క్యులర్ ఒప్పుకోదు గదా."

మంగళవారం నీళ్లొస్తాయని మాటిచ్చాను. పెద్దసారును అడిగితే ఒప్పుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాడు, ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఫోను మోగితే లేచి నిలబడి మాట్లాడే మనిషి, అంతే. అవతలివాళ్లకు తను నిలబడినట్టు కనపడదని తెలిసినా నిలబడేవాడు. మీ ఉద్యోగంలో ఇలాంటి పైఅధికారి దొరికితే ద్వేషించకండి. కానీ ఆయన ఇచ్చిన మాటను ఫోను మోగేదాకే లెక్కలోకి తీసుకోండి.

మంగళవారం

పొద్దున ఓబులేసును పిలిచాను. టీఎక్స్ ఒకటి, ఓకే; టీఎక్స్ సున్నా, ఓకే. అతని పలకరింపులన్నీ అయ్యాక మళ్లీ టీఎక్స్ ఒకటి కొట్టి నేను మాట్లాడాను. "మిగతావన్నీ కట్టేసి కొసపల్లె వాల్వు తియ్యి. మళ్లీ మా నుంచి మాట వచ్చేదాకా మూయొద్దు."

చెప్పి, టీఎక్స్ సున్నా పంపాను.

ఓకే రాలేదు. ప్రశ్నా రాలేదు. తెర ఊరికే ఉంది. మళ్లీ పంపాను. ఊరికే ఉంది. పక్కనున్న సెట్టు తిప్పి చూశాను. గుట్ట మీది పెట్టె ప్రసారం చేస్తూనే ఉంది, ఆఫీసు ఇంకా ఏదో చెప్పబోతోందన్నట్టు. జిల్లాలో మా సెట్లన్నీ ఆ మౌనాన్ని వింటూ కూర్చున్నాయి. ఓబులేసు నా మాట విన్నాడో లేదో తెలుసుకునే దారి లేదు.

అప్పుడే ఫోను మోగింది. పెద్దసారు లేచి నిలబడ్డాడు.

"అలాగేనండి... లేదండి, ఎంతమాట... మీ చీనీ తోట పక్క ట్యాంకేనండి? ఇప్పుడే... అవతలిది మూయించి ఇటు తిప్పిస్తానండి" అన్నాడు. బత్తాయిని మా వైపు చీనీ అంటారు. ఫోను పెట్టేసి, నా వైపు తిరిగి, కొసపల్లె వాల్వు మూయమన్నాడు. కొసపల్లెకు సాయంత్రం చూద్దామన్నాడు.

"పెట్టె పలకడం లేదు సార్" అన్నాను.

ఆయనే కూర్చున్నాడు. టీఎక్స్ సున్నా కొట్టాడు. మళ్లీ కొట్టాడు. మెల్లగా కొట్టాడు, మీటలు విరిగేట్టు కొట్టాడు. నేర్చుకున్న ఆజ్ఞలన్నీ వరసగా కొట్టి, చివరికి పుస్తకంలో లేని మాటలు కూడా కొట్టాడు. ఒక్క ప్రశ్నార్థకం వచ్చినా ప్రాణం లేచొచ్చేదన్నట్టు చూశాడు పాపం.

"పైకి కరెంటు తీసెయ్యి."

"పైన బ్యాటరీ ఉంది సార్. మీరే పెట్టించారు."

"జీపులో మనిషిని ఓబులేసు దగ్గరికి పంపు."

"జీపు ధర్మవరంలో మరమ్మతుకు పోయింది సార్."

"అయితే గుట్ట ఎక్కు. పోయి ఆ తీగ సంగతేమిటో చూడు. తొందరగా" అన్నాడు.

మా వంశంలో పరిగెత్తడం లేదు. కానీ ఎక్కాను.

బండ

గుట్ట మీద జనం. పైన చదునుగా ఒక పెద్ద బండ ఉంది, దాని చుట్టూ గుట్ట కింది ఊరి ఆడా మగా నిలబడి ఉన్నారు. వానలు రాకపోతే మా వైపు వరదపాయసం చేస్తారు. పాయసం వండి బండ మీద పోసి, చేతులు వెనక్కి కట్టుకుని, మోకాళ్ల మీద వంగి, నాలుకతో నాకుతారు. చేత్తో ముట్టరు. దేవుడు చూసి జాలిపడి వాన కురిపిస్తాడని నమ్మకం.

మా తీగ సరిగ్గా ఆ బండ మీదుగా పోతుంది. బండ అంచున దానికొక అతుకు ఉంది. ఆ అతుకును వాళ్లు ఎంతో మర్యాదగా ఊడదీసి, తీగను చుట్ట చుట్టి పక్కన పెట్టారు. చుట్టకు పసుపు పూసి కుంకుమ బొట్టు కూడా పెట్టారు. నా ఆపే ఆజ్ఞ ఎందుకు పైకి పోలేదో అప్పుడు తెలిసింది.

ఊరి పెద్ద ఈరన్న నన్ను చూసి ఎదురొచ్చాడు. "తీగ తొక్కితే తప్పు గదా దొరా. గవర్మెంటుది. అందుకే ఇప్పి జాగర్త చేసినాం" అన్నాడు.

వెంటనే తగిలించాలన్నాను.

"తగిలిద్దువులే. బండ మీది పాయసం అయిపోయేదాంక ఈడ ఏదీ ముట్టగూడదు. ముడితే వాన ఎనిక్కి పోతాది." చెప్పి, ఒక పక్కకు చూపించాడు. బండ మీద తూర్పు కొసన ఎవరూ ముట్టని పాయసం కొంచెం విడిగా ఉంది. "అయిపోయింది గూడా. నీ పాలొకటే మిగిలుండాది."

"నా పాలేమిటి?"

"మీ ఇంటి పాలు. మీ తాత నాటి నించీ ప్రెతిసారీ మొదట పోసేది మీదే. మీ నాయన రాలేదు, నువ్వూ రాలేదు. మేం పోయకుండా ఉంటామా? పోస్తాండాం, చీమలు తింటాండాయి."

మా తాత ఇక్కడ వంగాడా అని అడిగాను.

"వాన కోసరం ఎవురైనా వంగాల్సిందే గదా దొరా" అన్నాడు ఈరన్న. "మా నాయన చెప్పేటోడు, మీ తాతను ఇద్దురు పట్టుకోని వంచేటోళ్లంట. నడుము వంగేది కాదంట."

చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఇద్దరు వచ్చి భుజాలు పట్టారు. మోకాళ్ల దాకా సులువుగానే పోయాను. ఆ తర్వాత నడుము దగ్గర వంశం అడ్డం పడింది. వాళ్లు ఒత్తారు, అది ఒప్పుకోలేదు. వెనకనుంచి ఎవరో ముసలమ్మ "మెల్లగొంచండ్రా, ఇరిగిపోతే మళ్లా యాడ తెస్తాం ఇట్లాటి దొరను" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వుకో ఏమో, ఎక్కడో పటుక్కుమని నేను వంగిపోయాను.

బెల్లం పాయసం. ఎండకు బండ కాలి అడుగున కొంచెం మాడింది. పూర్తిగా తిన్నాను.

తిన్నాక లేవబోతే నడుము లేవలేదు. వంగినచోటే పట్టేసింది. చేతులు వెనక్కి, గడ్డం బండ మీద, ముఖం తూర్పుకు. ఈరన్న కంగారుపడి లేపబోతే ఆగమన్నాను. నేను పడి ఉన్న చోటి నుంచి మైదానమంతా కనపడుతోంది. ఎర్రనేల, నిలువునా ఎండిన చీనీ తోటలు, వాటి అవతల చాలా దూరంలో కొసపల్లె ట్యాంకు, బల్ల మీద బోర్లించిన గ్లాసంత. దాని మీద ఏమీ లేదు.

ఓబులేసు నా మాట విన్నాడా? విని ఉంటే తీశాడు. తీసి ఉంటే మూయడు, వాళ్ల తాత మనవడు గనక. వినకపోయి ఉంటే లక్ష్మీదేవమ్మ ఈపాటికి సెట్టు నెత్తిన పెట్టుకుని బయల్దేరి ఉంటుంది. కింద పెద్దసారు మీటలు కొడుతుంటాడు. ఆ సమయంలో నేను చేయగలిగింది చూడడం ఒక్కటే. నడుముకు కాపడం పెట్టే మందు తెస్తానని ఒకడు పోయాడు, గోనెసంచి కప్పుదామని ఒకడన్నాడు. నేను చూస్తూ ఉన్నాను. నడుము పట్టేయకపోయి ఉంటే ఏం చేసేవాణ్ణని పెద్దసారు తర్వాత అడిగాడు. పట్టేసింది గనక ఆ ప్రశ్న రాదు అని జవాబిచ్చాను. ఇప్పటికీ అదే జవాబు.

ఎండ నడినెత్తికి వచ్చాక కొసపల్లె ట్యాంకు మీద తెల్లగా ఏదో కదిలింది. ఒకసారి వాలి, మళ్లీ లేచి, గాలికి సాగింది. గుడ్డ.

"ఇప్పుడు లేపండి" అన్నాను.

లేపారు. పసుపు పూసిన తీగ తెచ్చి నా చేతికిచ్చారు. అతుకు నేనే తగిలించాను.

ఓకే

నేను కుంటుకుంటూ దిగేసరికి పెద్దసారు ముఖం వెలిగిపోతోంది. చివరిగా ఆయన కొట్టిన టీఎక్స్ సున్నాకు ఓకే వచ్చిందట. "వదలకుండా కొడుతూనే ఉన్నానయ్యా. ఎలా వినదు?" అన్నాడు. అవును సార్ అన్నాను. ఓబులేసుతో మాట్లాడి చీనీ తోట వైపు నీళ్లు తిప్పించేశాడు కూడా. నాకు అభ్యంతరం లేదు. కొస మడి తడిసింది గనక తూము మూయవచ్చు.

ఆ పెట్టె కాలిపోలేదు. కానీ కాలిపోవలసిందే. పనిలో చేరే మీకు నేను చెప్పగల సాంకేతిక విషయం ఇదొక్కటే: మొదలుపెట్టే ఆజ్ఞ ఇచ్చే ముందు, ఆపే ఆజ్ఞ ఏ దారిన పోతుందో చూసుకోండి. ఆ దారిలో ఎవరి బండ ఉందో, వాళ్లు దాని మీద ఏం చేసుకుంటారో కూడా కనుక్కోండి. తర్వాత కాపలాను మళ్లీ పెట్టించాను, కాస్త పొడుగు చేసి. బువ్వ, వదిన మోకాలు, ఎర్రావు, పట్టిన మోడం, ఆపైన సంగతి, అన్నీ పట్టేంత. తీగను బండ పక్కనుంచి తిప్పించాం. ఆ తర్వాత మళ్లీ వానలు రాని ఏడు పెద్దసారు కూడా గుట్టెక్కి బండ నాకాడు. ఆయన నడుము చక్కగా వంగింది. వాన మా ఇద్దరికీ సమానంగా ఆలస్యంగానే వచ్చింది.

ఆ మంగళవారం ఇంకొక్క మాట ఉంది. పెద్దసారు భోజనానికి పోయాక సెట్టు పలికింది. లక్ష్మీదేవమ్మ. వెనక దేవర డప్పులు వినపడుతున్నాయి. ట్యాంకు నిండిందని, పని నిలబడిందని ఆమె చెప్పలేదు. ముందు చెప్పాల్సింది అది కాదు గదా.

"దొరా, బువ్వ తింటివా?" అంది.

కంప్యూటర్ ముందు కూర్చోవడానికి నడుము ఒప్పుకోలేదు. నిలబడే టీఎక్స్ ఒకటి కొట్టాను. ఓకే అంది పెట్టె.

"తింటినమ్మా" అన్నాను. "పాయసం."